ఎడమకు తిప్పితే ఎగిరిన బండి

నవ్వనంటేనే చెప్త. మొన్న ఆదివారం మా అత్తగారూరి చర్చిల పాస్టర్ గారి మొదలు చంటిపిల్లల దాక అందరు దగ్గిండ్రని మీరు గూడ వినే ఉంటరు. ఏదో గాలి సోకిందని కొందరంటున్నరట. గాలీ లేదు, గీలీ లేదు. అది నేనే!

ఆ చాయ్ ఇటియ్యుండ్రి, మొదటిసంది చెప్త.

నా చేతులకు ఒక రోగమున్నది. ఊకె ఉండవు. ఇంట్ల ఏది కొంచెం కదిలినా పానా పట్టుకుంట. కుక్కర్ పిడి బిగించిన, మూత రాకుంట పోయింది. తలుపు గొళ్లెం సరిచేసిన, మేమే లోపట ఇరుక్కున్నం. మా ఇంటామె సునీత నా చేతిల పానా చూసిందంటే చాలు, "దేవా, ఇయ్యాల దేనికి మూడిందో!" అంటది.

డ్యూటీ గూడ గట్లాంటిదే దొరికింది. బొగ్గు బాయిల బొగ్గు నింపిన టబ్బులు గుంజే ఇనుప తాడు ఉంటది గదా, ఆ మిషన్ కాడ నేను ఆపరేటర్‌ని. తాడు లూజుగున్నదా, ఒక్క జర్కుకు టబ్బులు పట్టాలు దిగుతయి. ఇన్నేండ్ల సర్వీసుల నాకు వంటపట్టిందొక్కటే, తాడు అన్నది బిర్రుగుండాలె!

ఇగ మొన్నటి సంగతి. ములకలపల్లి దాటినంక అడివి అంచుకు ఉంటది మా అత్తగారూరు. అక్కడ చర్చిల కోత పండుగ. ఎవరి చేన్ల పండింది వాళ్లు తెచ్చి దేవుని ముందర పెడతరు. గుమ్మడికాయలు, మిరపకాయలు, పత్తి, కోళ్లు, అన్నీ. ఆ రోజు మొదటి పాట ఎత్తుకునుడంటే చిన్న ముచ్చట కాదు. ఏటా ఎత్తుకునేది సునీత వాళ్ల వదిన. అంటే మా బావ భార్య, నాకు వరుసకు అక్క. ఈసారి పాస్టర్ గారు సునీతకిచ్చిండు. ఇగ చూడాలె! బియ్యం కడుగుకుంట పాట, బట్టలు పిండుకుంట పాట, నిద్రల గూడ పాట.

"పది గంటలకు నేను మైకు కాడ ఉండాలె. ఒక్క నిమిషం లేటైనా వదిననే ఎత్తుకుంటది. ఇన్నేండ్లకు నాకొచ్చింది, నీకు దండం పెడ్త, ఆలస్యం చెయ్యకు" అన్నది రాత్రి. నేను మాటిచ్చిన.

పొద్దుగాల ఆమె లోపట చీర కట్టుకుంటున్నది. నేను తయారై బండి స్టార్ట్ చేసి మీద కూసున్న. మాది పాత బండి, పెండ్లికి ముందు కొన్నది. ఊకె కూసుండాలె గదా? కాలు ఆడిస్తున్న, గడియారం చూస్తున్న, హారన్ నొక్కుతున్న. చెయ్యి పోయి ఎక్సలేటర్ మీద పడ్డది. తిప్పిన. మొదలు కొంచెం ఉత్తగనే తిరిగింది, తర్వాతనే ఇంజిన్ అందుకున్నది. మళ్ల తిప్పిన. మళ్ల గంతే. ఎక్సలేటర్ వైరు లూజు!

నాకు పానం ఒప్పలే. గింత లూజుతోని ఇన్నిరోజులు బండి నడిపిన్నా? పానా తెచ్చిన, నట్టు వదులు చేసిన, వైరు గుంజి బిగించిన. ఇసుమంత గూడ లూజు లేకుంట, బిర్రుగ! మళ్ల స్టార్ట్ చేసి ముట్టుకున్న. బూమ్! కొత్త బండి తీరుగ అందుకున్నది.

సునీత బయటికొచ్చింది. నా చేతిల పానా చూసింది.

"ఏం చేసినవయ్యా?"

"పికప్ పెంచిన. గాలిల పోయినట్టు పోతం, చూడు!"

"నువ్వు బాగుచేసినవంటనే నాకు బుగులైతది" అనుకుంట కూసున్నది. తొవ్వల దుమ్ముకు గొంతు చెడుతదని ముక్కుకు, నోటికి కొంగు బిగిచ్చి కట్టుకున్నది. ఈ కొంగు యాదిపెట్టుకోండ్రి, తర్వాత పనికొస్తది.

మా గల్లీ చివర్ల ఎడమకు తిప్పిన. బండి ఒక్కసారి బుర్రుమని ఎగిరింది! నేనేమో ఎక్సలేటర్ ముట్టనే లేదు. సునీత నా భుజంల గోర్లు దింపింది.

"ఏందిది?"

"పికప్!" అన్న. హ్యాండిల్ ఇంకింత గట్టిగ పట్టుకున్న.

అడివి రోడ్డుల సక్కగ ఉన్నంతసేపు బండి బంగారం. స్పీడ్ తగ్గించి ఎడమకు మళ్లేకాడనే దానికి దయ్యం పడుతున్నది. అప్పుడు సమజైంది. వైరుల ఆ కొంచెం లూజు ఉత్తగ పెట్టలే. హ్యాండిల్ మళ్లినప్పుడు వైరు సాగాలె గదా, ఆ లూజు దానికి. నేను అంతా తీసేసిన. ఎడమకు తిప్పినప్పుడల్లా హ్యాండిలే వైరు గుంజుతున్నది, ఇంజిన్ అరుస్తున్నది.

ఆగి వదులు చేద్దామంటే పానా ఏది? ఇంటికాడ గోడ మీద!

సునీతకు చెప్పలేదు. చెప్తే నన్ను అడివిలనే పాతిపెడుతది. ఒక్క ఉపాయం తట్టింది. కుడికి తిప్పితే ఏం కాదు. మరి ఎడమకు ఎందుకు తిప్పాలె? ములకలపల్లిల ఎడమకు మళ్లాల్సిన కాడ సక్కగ ముందుకు పోయిన. కుడికి మళ్లిన, మళ్ల కుడికి, ఇంకోసారి కుడికి, ఆ ఎడమ తొవ్వలనే తేలినం. చాయ్ హోటల్ ముందర కూసున్నోళ్లు మమ్మల్ని రెండుసార్లు చూసిండ్రు.

"ఏందయ్యా ఊరు చుట్టూ తిప్పుతున్నవ్? పదైతున్నది!" సునీత గొంతుల ఏడుపొచ్చింది. పాపం, ఇన్నిరోజులు పాడుకున్నది!

ఊరు చేరినం. చర్చి గేటు ఎడమ దిక్కుకు. నేను గేటు దాటి ముందుకు పోయి, రోడ్డు మీద కుడికి తిరిగి వాపస్ వచ్చిన. ఇప్పుడు గేటు కుడి దిక్కుకైంది. నా తెలివికి నేనే మురిసిన. మెల్లగ లోపటికి పోయిన. పందిరి కింద జనం నిండిండ్రు. మైకుల పాస్టర్ గారు, "సునీతమ్మ ఇంకా రాలేదు, మరి వాళ్ల వదినమ్మే ఎత్తుకుంటది" అంటున్నడు. అక్క లేచి మైకు కాడికి పోతున్నది.

"అయ్యో!" అన్నది సునీత నా వీపు మీద గుద్ది.

గంతల గేటు కాడ బండ్లు పెట్టిస్తున్న మా బావ తువ్వాల ఊపుకుంట ఉరికొచ్చిండు.

"ఎడమకు బావా, ఎడమకు! బండ్లన్ని ఎడమకే!"

"ఎడమకు రాదు బావా!"

"ఏం రాదు? జల్దీ తియ్యి!" అని హ్యాండిల్ పట్టి తనే ఎడమకు గుంజిండు.

ఇగ అయిపోయింది! బండి బుర్రుమని లేచింది, బావ పక్కకు దుంకిండు, మేం పంటలు పెట్టిన కాడికే పోయినం. దబ్బున క్లచ్ పట్టిన. బండి ఆగింది. ఇంజిన్ ఆగలే. ముందటి చక్రం రెండు గుమ్మడికాయల నడుమ, ఎడమకే ఇరుక్కున్నది. ఇంజిన్ ఒక్కటే అరుపు! వెనక సైలెన్సర్ ఎటు చూస్తున్నదంటే, ఎండు మిరపకాయల కుప్ప దిక్కు. ఆ గాలికి గింజలు, పొట్టు లేచి ఘాటు పందిరంతా కమ్మింది.

మొదలు పాస్టర్ గారు దగ్గిండు. తర్వాత పెద్దమనుషులు. మైకుల "ఓ దే..." అని నోరు తెరిచిన అక్క గూడ దగ్గింది, అదీ మైకులనే! బండి ఆపుటానికి తాళంచెవి అనేదొకటి ఉంటదని నాకు ఆ టైముకు యాదికొస్తేగా! "తాళం, తాళం!" అని బావ కండ్లు నలుపుకుంట మొత్తుకున్నంక ఆపిన.

ఇంజిన్ ఆగింది. అందరు దగ్గుతున్నరు, తుమ్ముతున్నరు. ఆ నడుమ ఒక్క గొంతు సక్కగ, తియ్యగ లేచింది. సునీత! ఎప్పుడు దిగిందో, ఎప్పుడు పోయిందో! మైకు కాడ, ఘాటును ఆపిన ఆ కొంగు ముడి విప్పి మొదటి పాట ఎత్తుకున్నది. కండ్లల నీళ్లు కారుతున్నయి. మిరపఘాటుకో, సంతోషానికో నాకు తెల్వదు. నాకు గూడ కారినయి.

భోజనాల కాడ అక్క నా విస్తరిల మాంసం కూర వేసుకుంట, "నాకే వస్తదేమోనని నేను గూడ నెలసంది ప్రాక్టీస్ చేసిన తమ్ముడూ, ఆఖరికి నీ సైలెన్సర్ పాడింది" అన్నది.

తర్వాత బావ దగ్గర పానా తీసుకుని, చర్చి వెనక బండి కాడ కూసుని వైరు లూజు చేస్తున్న. సునీత వచ్చింది. ఇగ తిట్లే అనుకున్న. అటు ఇటు చూసి, అక్క దగ్గర్ల లేదని చూసుకుని, నా చెవి కాడికి వంగింది.

"మొత్తం లూజు చెయ్యకయ్యా. ఈస్టర్‌కు గూడ మొదటి పాటున్నది."

పెండ్లైనసంది ఇంట్ల ఎన్ని బాగుచేసిన్నో లెక్కలేదు. ఆమె నా రిపేరును మెచ్చుకున్నది గదే మొదటిసారి.