జమ్మలమడుగు స్వామి నడక

ఫిజియోథెరపీ అనే మాట మా వైపు ఇంకా ఎవరి నోటా సరిగా తిరగని కాలమది. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తలో, ప్రొద్దుటూరులో ఒక ప్రైవేటు ఆసుపత్రికి నేను సీనియర్ ఫిజియోథెరపిస్టును. (జూనియర్ ఎవరూ లేరు. మద్రాసులో చదువు ముగించుకుని దిగిన మర్నాడే డాక్టరుగారు నా గది తలుపు మీద అలా రాయించారు. రోగులకు ధైర్యంగా ఉంటుందట.) జనం మాత్రం నన్ను ‘మాలీషు అప్ప’ అనేవారు. పోలియో పిల్లలు, పక్షవాతం వచ్చిన పెద్దలు కొన్నాళ్లు వచ్చి, ఆశ ఉడిగి, రావడం మానేసేవారు. సాయంత్రం ఆ ఖాళీ గదిలో కూర్చుంటే నా చదువు మీద నాకే అనుమానం వచ్చేది.

అలాంటి రోజుల్లోనే జమ్మలమడుగు నుంచి ఒక పెద్ద పురోహితుణ్ణి తెచ్చి చేర్పించారు. అందరూ ఆయన్ను స్వామి అనేవారు. కుడిపక్క పడిపోయింది. మాటలన్నీ పోయి ఒక్కటి మిగిలింది: “పోరా.” ఆకలైనా అదే, నొప్పైనా అదే. నాడి చూడబోయిన డాక్టరుగారు బయటికొచ్చి, “ఏందప్పా, నా ఆసుపత్రిలో నుంచి నన్నే పొమ్మంటాండాడు” అని వాపోయారు. స్వామి భార్య సిగ్గుతో చితికిపోయేది. నారాయణా అనమని ఆమె బతిమాలితే ఆయన కళ్లు మూసుకుని ఎంతో భక్తిగా “పోరా” అన్నారు. “నన్ను గూడా మగోణ్ణి అన్నట్ల అంటాండారు నాయనా” అని నవ్వబోయి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఆయన్ను నడిపించి తీరాలని పట్టుబట్టాను. రెండు ఇనుప కమ్మీల మధ్య నిలబెడితే కాలు కదలక కన్నీళ్లు పెట్టుకునేవారు. ఒక మధ్యాహ్నం ఆమె కాఫీ తేవడానికి వెళ్లినప్పుడు, ఆయన ఉన్నట్టుండి “పోరా” అని నా చెయ్యి తోసేసి, ఒక్కరే కిటికీ దాకా నడిచారు. ఆమె తిరిగొచ్చేసరికి కుర్చీలో కూలబడి రొప్పుతున్నారు. నడిచారని నేను చెబితే, “పోనీలే నాయనా, రేపు సూస్తా” అంది. మర్నాడు ఆయన మంచం మీంచి లేవలేకపోయారు. ఆ తరువాత ఇంటికి తీసుకుపోయారు. అక్కడ మళ్లీ పక్షవాతం వచ్చి పోయారని కబురు అందింది.

పలకరించడానికి జమ్మలమడుగు బస్సెక్కాను. ఇంటినిండా బంధువులు. నన్ను చూడగానే ఆమె అడిగింది.

“ఆ పొద్దు ఎట్ల నడిచినారు నాయనా? ఒకసారి నడిచి సూపీవా?”

ఏం చేయను? కుడిచెయ్యి రొమ్ముకు ముడుచుకుని, కాలీడ్చుకుంటూ గోడ దగ్గర నుంచి గడప దాకా నడిచాను. (ఒకాయన, నాకేదో పూనిందనుకున్నాడేమో, చాప లాక్కుని పక్కకు జరిగాడు.) ఆమె తల అడ్డంగా ఊపింది.

“అట్ల కాదు. ఆయన తల దించి నడిచే మనిషి గాదు. తల ఎత్తు నాయనా.”

తలెత్తి మళ్లీ నడిచాను. ఆమె చిన్నగా నవ్వింది. ఆ నవ్వు మధ్యలోనే ఏడుపైంది. నేను ద్వారబంధం పట్టుకుని అటువైపు తిరిగి నిలబడ్డాను.

ఇప్పుడు నాకే మోకాళ్లు అరిగిపోయాయి. ఎందరికో నేర్పిన వ్యాయామాలు నాకు చేయబుద్ధి కాదు. పొద్దున్నే వసారాలో కాలీడ్చుకుంటూ తిరుగుతుంటాను. ఎవరూ చూడటం లేదనుకున్నప్పుడు మాత్రం కాస్త తలెత్తుతాను.