జత లేని కోటు

కొల్లేటికి వరద వచ్చిన ఏడు కనకరాజు గారు బండెడు ఉన్ని కోట్లు ఇంటికి తోలుకొచ్చారు. ఆ కోట్లు ఆయనకు నిజంగా నచ్చాయా? ఇన్నేళ్ళయినా ఈ ప్రశ్నకు ఎవరి దగ్గరా జవాబు లేదు. పక్కనే కాపురం చేసిన భార్య కామేశ్వరికే తేలలేదు, మనకేం తేలుతుంది?

తేలిన సంగతి ఒక్కటే. లోకంలో ఇంకొకరి ఒంటి మీద ఉన్న గుడ్డ తన ఒంటి మీద ఉండకూడదని ఆయన పట్టు. గుండుగొలనులో బంగారం పండే మాగాణి ఉంది, ఏలూరు బజారు నిండా బట్టల కొట్లున్నాయి. కానీ కొట్లో గుడ్డ తాను విప్పి పరిచేసరికి ఆయన అడిగే మొదటి మాట: "ఏవండీ, దీనికి జత లేదు కదా?"

"జతేమిటండీ కనకరాజు గారూ! తానుకు తాను అలాగే ఉంది. మీకెంత కావాలంటే అంత కోయిస్తాను."

"అయితే వద్దులెండి. మిగతా తానంతా ఎవరెవరి వీపులెక్కుతుందో ఏమో!"

ఒకసారి భార్య పోరు పడలేక మంచి చారల గుడ్డ కొని చొక్కా కుట్టించుకున్నారు. ఏలూరు స్టేషను దగ్గర దిగేసరికి జట్కావాడు అదే చారల చొక్కాలో, మోచేతి దగ్గర చిరుగుతో, ఎదురుగా నిలబడి ఉన్నాడు. కనకరాజు గారికి దెయ్యాన్ని చూసినట్టయింది. అక్కడికక్కడే చొక్కా విప్పి వాడి చేతిలో పెట్టి, కండువా కప్పుకుని ఇంటికొచ్చారు.

"చొక్కా ఏదండీ?" అంది కామేశ్వరి.

"దాని జత దగ్గరికి పంపేశాను."

తాడేపల్లిగూడెంలో ఒక నాటకాల కంపెనీ మూతపడి సామాను అమ్ముకుంటుంటే, ఈయన దుర్యోధనుడి ముఖమల్ చొక్కా కొనుక్కొచ్చారు. గుండెల మీద అద్దాలు, భుజాల మీద జరీ కుచ్చులు. అది తొడుక్కుని నాట్లు చూడ్డానికి పొలం వెళ్ళారు. అద్దాల్లో ఎండ మెరిసి ఎద్దులు బెదిరాయి. నాట్లు వేసే ఆడవాళ్ళు నడుం ఎత్తి, "మయసభ ఇటు కాదండీ బాబూ, కాలవవతల!" అని పకపకా నవ్వారు. కామేశ్వరి ఆ పూట అన్నం తినలేదు.

ఇంకోసారి రైల్లో ఎవరో ముసలాయన పాత గొడుగుగుడ్డతో కుట్టించుకున్న చొక్కాలో కనబడ్డాడు. అంతే. "ఏవండీ, దీనికి జత లేదు కదా?" దిగే స్టేషను వచ్చేలోపు, అత్తవారు పెట్టిన కొత్త చొక్కా ఆయన ఒంటి మీదికీ, గొడుగు చొక్కా ఈయన ఒంటి మీదికీ మారిపోయాయి.

"వానలో వచ్చాను. చుక్క తడవలేదు, చూశావా?" అన్నారు గుమ్మంలో నిలబడి గర్వంగా.

"చూశాను. మీరు చెయ్యెత్తితే ఎక్కడ తెరుచుకుంటారోనని భయంగా ఉంది" అంది కామేశ్వరి.

ఇలా ఉండగా కొల్లేరు పొంగింది. లంకల్లో గుడిసెలన్నీ కొట్టుకుపోయాయి. నీళ్ళు తీశాక మళ్ళీ తాటాకు కప్పుకున్నారు, వలలు అల్లుకున్నారు. సత్తియ్య అనే చేపల మనిషి ఇంటి నుంచి కనకరాజు గారింటికి ఎప్పట్నించో చేపలొచ్చేవి. పండగలకీ పబ్బాలకీ, కొలుచుకోకుండా, చేపలు ఇటూ, వడ్లు అటూ. కొల్లేటి పక్కన బేరమంటే అదే. సత్తియ్య భార్య సూరమ్మా, కోడలూ కలిసి గంపలెత్తుకుని వచ్చేవాళ్ళు. వరద తరవాత కలిసి రావడం మానేశారు. ఒక వారం అత్త వస్తే, మరో వారం కోడలు.

"అత్తాకోడళ్ళకి పడ్డం లేదనుకుంటానండీ" అంది కామేశ్వరి.

అరుగు మీద కూర్చుని పుస్తకం చదువుకుంటున్న కనకరాజు గారు తలెత్తి, "ఇద్దరూ ఒకే చీర కడుతున్నారు, చూశావా?" అన్నారు.

"ఒకే తానులోవి కొనుక్కుని ఉంటారు. అందరూ మీలా ఉంటారేమిటి?"

"ఊఁ" అని ఆయన మళ్ళీ పుస్తకంలోకి వెళ్ళిపోయారు. ఆ పేజీ మాత్రం చాలాసేపు తిరగలేదు.

కామేశ్వరికి చేపల వాళ్ళ చీరల గురించి ఆలోచించే తీరిక లేదు. మేనకోడలు బాలాత్రిపురసుందరి పెళ్ళి కుదిరింది. పిల్ల తల్లి పోయింది కనక, మగపెళ్ళివారికి పెట్టే బట్టల బాధ్యతంతా మేనత్తగా తనే నెత్తిన వేసుకుంది. వియ్యంకుడు కోదండరామయ్య గారిది తాడేపల్లిగూడెంలో రైసుమిల్లు. "పెట్టుబడులు ఘనంగా ఉండాలండోయ్! మా ఊళ్ళో ఎవరికీ పెట్టనివై ఉండాలి" అని ముందే కబురు పెట్టిన మనిషి. బట్టల దగ్గర మాటొస్తే ఆ మాట పిల్ల బతికినన్నాళ్ళూ ఆ ఇంట్లో వినబడుతూనే ఉంటుంది. అందుకని కామేశ్వరి ఏలూరంతా గాలించి పంచెలూ చీరలూ కొని, భోషాణంలో పెట్టింది. హడావిడిలో మరిచిపోతానేమోనని పసుపు కూడా ముందే పెట్టేసింది. అందరూ కొత్తబట్టకి ఒక మూల పసుపు పెడితే ఆవిడ నాలుగు మూలలా పెడుతుంది. "ఒక్క మూలే పెడితే మిగతా మూడూ అలగవూ?" అంటుంది. ఇంట్లో చాదస్తం కనకరాజు గారొక్కరిదే కాదని బంధువుల్లో చిన్న గుసగుస కూడా ఉండేది.

భోషాణానికి తాళం వేసి, తాళంచెవి భర్త చేతికిచ్చి, కామవరపుకోటలో చుట్టాలని పెళ్ళికి పిలవడానికి వెళ్ళింది. సరిగ్గా అప్పుడే ఆకివీడుకి మూటలొచ్చాయి.

ఎక్కడో ఉత్తరాన, డెన్మార్కు, స్వీడను దేశాల్లో ఎవరో దయగల తల్లులు కొల్లేటి వరద సంగతి విని తమ ఇళ్ళలో ఉన్న మంచిబట్టలు మూటలు కట్టి ఓడలో పంపారు. వాళ్ళకి తెలిసిన కష్టం చలి. అందుకని మోకాళ్ళ కిందికి దిగే ఉన్నికోట్లు, చెవులు మూసే టోపీలు పంపారు. అవి వచ్చేసరికి శివరాత్రి దాటి, చలి శివశివా అంటూ వెళ్ళిపోయింది. లంకలవాళ్ళకి ఆ మూటలు పంచిపెట్టిన చర్చి ఉపదేశి ఎలీయాజరు గారు కోట్లు చేతికిస్తూ తనే చెమటతో తడిసిపోయారు.

కోట్లకి లంకల్లో రకరకాల ఉద్యోగాలు దొరికాయి. ఒకటి కోడిపెట్ట కింద గుడ్లు పొదిగించడానికి వెళ్ళింది. ఒకటి దోనెలో పరుపయింది. మర్యాదకి తొడుక్కున్న సత్తియ్య కాలుజారి నీళ్ళలో పడితే, అతణ్ణి ఇద్దరూ, కోటుని నలుగురూ పైకి లాగాల్సొచ్చింది.

ఈ కబురు కనకరాజు గారి చెవిన పడింది. కామేశ్వరి తిరిగొచ్చి భోషాణం తెరిచేసరికి లోపల పంచెల్లేవు, చీరల్లేవు. నల్లగా, బూడిదరంగుగా, బొచ్చుబొచ్చుగా ఏవో ముడుచుకుని పడుకుని ఉన్నాయి. ఎలుగుబంట్లనుకుని కెవ్వుమంది.

"ఏవండీ! ఏమిటివి?"

"కోట్లు!" కనకరాజు గారి మొహం వెలిగిపోతోంది. "ఇది చూడు, ఈ బొత్తాం దుప్పికొమ్ముతో చేసింది. ఒకటి ఊడిపోతే చెక్కతో చెక్కి పెట్టుకున్నారు. ఇది స్టాక్‌హోమ్‌ది. ఇది కోపెన్‌హేగెన్‌ది. ఎవరి తాతదో! ఆ ఊళ్ళల్లో సందుసందూ తిరిగినా ఇలాంటిది ఇంకోటి దొరకదు. నేను దోనెలో కూర్చునే బేరం చేశాను!"

"నా పెట్టుబడి బట్టలేవీ?"

"మారకం వేశాను."

"పెళ్ళివారికి ఏం పెట్టనండీ నేను? నా మొహమా?"

కనకరాజు గారు కోటు వంకా భార్య వంకా చూసి, "అది ఆలోచించలేదే" అన్నారు. ఆ అనడంలో నిజం ఎంతో, నటన ఎంతో కామేశ్వరికి అప్పుడూ తెలియలేదు.

మర్నాడు పొద్దున్నే కోట్లు బండిలో వేయించుకుని, దోనె మాట్లాడుకుని, ఆవిడే లంకకి బయల్దేరింది. ఎవరి కోటు వాళ్ళకిచ్చేసి తన బట్టలు తను తెచ్చుకోవాలి. పెళ్ళి రేపే. మళ్ళీ కొనే వ్యవధి లేదు.

రేవులో దోనె ఆగేసరికి సూరమ్మ పరిగెత్తుకొచ్చింది. "అమ్మగారా! రండమ్మా, రండి!" వెనకాలే కోడలు. ఇద్దరూ ఒక్కసారే! అత్త ఒంటి మీద ఆకుపచ్చ చీర, కోడలి ఒంటి మీద మావిచిగురు రంగు చీర. చెంగుల మూలల్లో పసుపు. అన్ని మూలల్లోనూ.

కామేశ్వరి ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. వాళ్ళు ఒకే తానులో రెండు చీరలు కొనుక్కోలేదు. వరద పోగా ఆ ఇంట్లో మిగిలిందే ఒక్క చీర. అత్త బయటికొస్తే కోడలు లోపల, కోడలు బయటికొస్తే అత్త లోపల. ప్రతి వారం గంప దింపుకుంటూ తను చూసింది చేపల్నే. చీరని చూసింది జతల పిచ్చి ఉన్న మనిషి.

సత్తియ్య పీట వేసి, తలగోక్కుంటూ నిలబడ్డాడు.

"అమ్మా, తమరొచ్చింది ఎందుకో నాకు తెలుసండి. తప్పు మాదేనండి."

"ఏం తప్పు?"

"అయ్యగారిని మోసం చేసేశామండి! వరదప్పుడు ఆయన బట్టలు ఊరికే ఇస్తానంటే నేను వద్దన్నానండి. ముక్కూమొహం తెలీని దేశంవోళ్ళు పంపితే పుచ్చుకున్నాం, మళ్ళీ కనబడరు కాబట్టి. తెలిసినోళ్ళ దగ్గర ఊరికే పుచ్చుకుంటే కనబడినప్పుడల్లా తలొంచుకోవాలి కదండి. కానీ మొన్న ఆయనే వచ్చి, దోనెదోనెకీ తిరిగి, 'దీనికి జత లేదు కదా, దీనికి జత లేదు కదా' అని కోట్లు లాగేసుకున్నారండి. కోడి కింద కోటు కూడా వదల్లేదు! గుడ్లు ఆ కోడిగల ఇంటావిడ చేతికిచ్చి కోటు తీసుకున్నారు. పాపం, ఆయనకి బేరం తెలీదమ్మా!"

"తెలీదు" అంది కామేశ్వరి మెల్లిగా.

"మాకు నిద్దర పట్టట్లేదండి. ఆ తేడా కొరమేనుల్లో తీర్చేస్తాం. అయ్యగారికి చెప్పకండి, చిన్నబుచ్చుకుంటారు."

దోనె నిండా కోట్లు రేవులో ఎండలో ఉన్నాయి. "నా చీరలు నాకిచ్చెయ్యండి" అనడానికి వచ్చిన కామేశ్వరి సత్తియ్య వేసిన పీట మీద కూర్చుండిపోయింది. ఇంతలో గుడిసె గుమ్మంలోంచి సూరమ్మ తల్లి, కళ్ళు కనబడని ముసలావిడ, ఒక ఎర్ర ఉన్నిటోపీ చెవుల దాకా దింపుకుని తల బయటికి పెట్టింది. ఒంటి మీద అతుకుల గుడ్డ.

కామేశ్వరి ఒక్క నిమిషం అటే చూసింది. తరవాత తన భుజాల మీది కొత్త శాలువా తీసి మడతపెట్టింది.

"సూరమ్మా, ఆ ఎర్రటోపీకి జత లేదు కదా?"

సత్తియ్య నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు. "అయ్యగారింటికేదో పట్టిందిరా దేవుడా!"

పెళ్ళి పగటి ముహూర్తం. పందిట్లో ఫాల్గుణపు ఎండ పాకంలా కారుతోంది. రాత్రంతా దులిపి, మెడపట్టీల మీద నాలుగేసి చోట్ల పసుపు బొట్లు పెట్టిన కోట్లని కామేశ్వరి పళ్ళెంలో పెట్టి తెచ్చింది. కోదండరామయ్య గారు పైది పట్టుకుని పైకెత్తారు. వెనక ఉన్నవాళ్ళు మునివేళ్ళ మీద లేచి చూశారు.

"ఏమిటమ్మా ఇది? గొంగళా?"

పీటల మీద బాలాత్రిపురసుందరి తలెత్తి మేనత్త వంకే చూస్తోంది. ఏదో ఒకటి అనాలి. నోట్లో ఉన్నది ఒక్కటే మాట.

"దీనికి జత లేదండీ అన్నయ్యగారూ."

"ఏమిటీ?"

"డెన్మార్కు కోటు. ఓడలో వచ్చింది. ఈ బొత్తాం దుప్పికొమ్ముది. తాడేపల్లిగూడెంలోనే కాదు, ఏలూరులో కూడా ఇంకోటి లేదండీ."

కోదండరామయ్య గారి మొహం నెమ్మదిగా విచ్చుకుంది. "ఏలూరులో కూడానా!" అంటూ చేతులు దూర్చారు. బొత్తాలన్నీ పెట్టుకున్నారు. "ఫారిన్ సరుకంటే ఇదీ! హాయిగా, చల్లగా ఉందండీ" అన్నారు, గడ్డం మీంచి చెమట బొట్టుబొట్టుగా కారుతుంటే. ఆయన తమ్ముడు, "మరి నాకో?" అని పళ్ళెం మీదికి వంగాడు. మిట్టమధ్యాహ్నం ఊరేగింపులో మగపెళ్ళివారంతా ఉన్నికోట్లలో, మంచుదేశపు పెద్దమనుషుల్లా, ఆవిర్లు కక్కుకుంటూ నడిచారు. ఒక్కరు విప్పలేదు. విసనకర్రలు సరిపోక అరటాకులు కోయించారు.

ఆ పూటకి కనకరాజు గారికి కామేశ్వరి తన మీద ఒట్టు పెట్టి, పట్టుకండువా కప్పి, కొత్తచొక్కా తొడిగించింది. ఆయన బుద్ధిగానే ఉన్నారు. అయితే తాళి కట్టేటప్పుడు అందరూ పీటల వైపు చూస్తుంటే, ఆయన మాత్రం డోలు వాయించే రామయ్య చొక్కా వైపు చూడ్డం ఆవిడ గమనించింది.

విస్తళ్ళు వేశాక చూస్తే మనిషి లేరు. "బావగారేరీ?" అని కోదండరామయ్య గారు చెమట తుడుచుకుంటూ అడిగారు. ఎవరికీ చెప్పలేదు, భోజనం చెయ్యలేదు, పెళ్ళికూతురికి అక్షింతలు వేసిన మనిషి వేసినట్టే మాయమయ్యారు.

కామేశ్వరి పందిరి బయటికొచ్చింది. డోలు రామయ్య కొత్తచొక్కా తొడుక్కుని, పట్టుకండువా భుజాన వేసుకుని, నాలుగు మూలల పసుపూ తడిమి చూసుకుంటున్నాడు.

"అమ్మా, నా చొక్కా వీపున పెద్ద చిరుగుందండి. చెబుదామనుకునేలోపే తొడుక్కుని వెళ్ళిపోయారు. ఎవరమ్మా ఆయన? బేరం తెలీని మనిషిలా ఉన్నారు."

"చెప్పకపోవడమే మంచిదైంది. చిరుగుందని తెలిస్తే పంచె కూడా ఇచ్చేసేవారు" అంది కామేశ్వరి.

దూరంగా స్టేషను రోడ్డు మీద ఒక మనిషి చేతులూపుకుంటూ పోతున్నారు. చిరుగులోంచి వీపు మీద ఎండ పడుతోంది. వెనక్కి తిరిగి చూడలేదు, ఆవిడ పిలవలేదు. కానీ ఆ నడక చూస్తే మాత్రం, చొక్కా బాగా నచ్చినట్టే ఉంది.