ఆదివారం ఆఖరి వంతు

అందరికీ కోపం ముక్కు మీద ఉంటే మా ఆయనకి అసూయ చెవుల్లో ఉంటుంది. ఎదుటివాళ్ళు మంచి పాటల రికార్డు పెట్టారంటే చాలు, రెండు చెవులూ కందిపోతాయి. ఇన్నేళ్ళుగా కాపురం చేస్తున్నదాన్ని, నాకు వేరే గుర్తు అక్కర్లేదు.

మాది కళ్ళజోళ్ళ షాపు, ఇల్లూ దాని వెనకే. ఆయన వెనకగదిలో అద్దాలు అరగదీస్తాడు. నేను ముందు కూర్చుని ఫ్రేములు బిగిస్తాను, ముక్కు దగ్గర నొక్కుకుంటోందనేవాళ్ళకి సర్దిపెడతాను. పని చేసుకుంటూ ఆయన రికార్డులు పెట్టుకుంటాడు. అవైనా నలుగురూ వినేవా అంటే, కావు. ఒక్క ఆల్బం చేసి మళ్ళీ కనబడకుండా పోయిన గాయకులు, అట్ట మీద పేరు కూడా సరిగ్గా పడని వాయిద్యగాళ్ళు. కళ్ళజోడు కోసం వచ్చినవాళ్ళకి దాంతోపాటు ఒక ఆల్బం పేరు కూడా అంటగట్టి పంపిస్తాడు. “ఇది వినండి, నన్ను తలుచుకుంటారు” అంటాడు. వచ్చిన ప్రతి ముక్కుకీ ఒక పేరు చెప్పిన మనిషి, “ఇది నువ్వు వినవే” అని నాకు ఒక్కటీ చెప్పలేదు. చెప్పకపోతేనేం, మధ్యలో ఉన్నది పల్చటి చెక్కగోడ. ఆయన విన్నదల్లా నేనూ విన్నాను. ఏం విన్నాడో ఏం వినలేదో ఆయనకంటే నాకే బాగా తెలుసు.

ఆదివారం మధ్యాహ్నం షట్టరు సగం దించి వెనకగదిలో చేరతాం. పక్కవీధి టైలరు బాబాయి, ఆసుపత్రిలో ఉద్యోగం చేసే మా మరిది, మేమిద్దరం. తలా ఒక రికార్డు తెస్తారు, నేను టీ తెస్తాను. అట్ట కనబడకుండా గుడ్డసంచిలోంచి రికార్డు మాత్రమే తీసి మరిదికి ఇవ్వాలి. ఒక వైపు అయిపోయేదాకా ఎవరూ నోరెత్తకూడదు. అయ్యాక, అంతకుముందు దాన్ని విన్నవాళ్ళు చెయ్యెత్తాలి. టీ తెచ్చేదాన్ని కాబట్టి నా చెయ్యి లెక్కలోకి రాదు. చెయ్యి లేచిందా, తెచ్చినవాళ్ళు ఓడినట్టు. ఎవరి చెయ్యీ లేవకపోతే ఆఖరి వంతు వాళ్ళది. ఆఖర్న పెట్టిన రికార్డే అందరి చెవుల్లో ఇంటిదాకా వెళుతుంది కాబట్టి ఆ వంతంటే మా వాళ్ళకి సింహాసనం కింద లెక్క. రూలు పెట్టింది మా ఆయన. వినని రికార్డంటూ లేదు కాబట్టి ఏళ్ళ తరబడి దాని మీద కూర్చున్నదీ ఆయనే.

అలాంటి గదిలోకి మా మరిది నర్సమ్మని తీసుకొచ్చాడు. అతని ఆసుపత్రిలోనే నర్సు. రేపో మాపో రిటైరయ్యే మనిషి, నెమ్మదస్తురాలు. వస్తూనే నన్ను వదినా అంది, ఆయన్ని అన్నయ్యగారూ అంది. సంచిలోంచి ఒక ఫ్లూటు రికార్డు తీసి ఇచ్చింది.

ఏం చెప్పను! టైలరు బాబాయి మెడలో ఉన్న టేపుతోనే కళ్ళు తుడుచుకున్నాడు. రికార్డు ఆగింది. “విన్నవాళ్ళు?” అన్నాడు మరిది. నేను మా ఆయన చెవుల వంక చూశాను. పండిన టమాటాల్లా ఉన్నాయి. మెల్లిగా చెయ్యెత్తాడు.

“విన్నాను. చాలా పాతదిలెండి.”

“అయ్యో, వినేశారా అన్నయ్యగారూ! మీకు తెలియనిది తేవడం నా వల్ల అవుతుందా?” అని ఆవిడ హాయిగా నవ్వేసింది.

అందరూ వెళ్ళాక పట్టుకున్నాను. “ఏమండీ, ఎప్పుడు విన్నారది?”

“నీకు చెప్పే వినాలా ఏం?”

“మీరు తుమ్మితే నాకు వినబడుతుంది. ఫ్లూటు వినబడదా?”

మూతి ముడుచుకుని అద్దం తుడవడం మొదలుపెట్టాడు. తుడిచిందే తుడిచాడు.

మరుసటి ఆదివారం ఆవిడ వయొలిన్ రికార్డు తెచ్చింది. మళ్ళీ చెయ్యెత్తాడు. ఆ పై వారం ఎవరో ఆడమనిషి, వాయిద్యాలేమీ లేకుండా పాడింది. దానికీ ఎత్తాడు. ఇక వారమంతా ఇంట్లో ఒకటే సణుగుడు. “ఆవిడకి ఎవరో వెనక నుంచి అందిస్తున్నారే. లేకపోతే ఇంజెక్షన్లిచ్చే మనిషికి ఇవన్నీ ఎలా తెలుస్తాయి?” అనేవాడు. అన్నం ముందు కూర్చుని కూడా అదే గొడవ. పైగా టైలరు బాబాయి, మా ఆయన చెప్పందే ఒక్క రికార్డు కొనని బాబాయి, “ఏం వినమంటావమ్మా నర్సమ్మా?” అని ఆవిడని అడగడం మొదలుపెట్టాడు. అది విన్న రోజున ఈయన కళ్ళలో నిప్పులు పోసుకున్నాడు.

నాకూ ఒళ్ళు మండింది. “ఇంకోసారి అబద్ధానికి చెయ్యెత్తారంటే అందరి ముందూ చెప్పేస్తాను” అన్నాను.

“చెప్పు. ఆ వంతు కూడా పోతే నాకేం మిగుల్తుందే? పొద్దస్తమానం ఊళ్ళోవాళ్ళ కళ్ళకి అద్దాలు అరగదీసుకోవడం తప్ప!” అన్నాడు. నేను తిట్టబోయిన తిట్టు నోట్లోనే ఉండిపోయింది.

ఆ ఆదివారం నర్సమ్మ సంచిని గుండెలకి హత్తుకుని వచ్చింది. మరిది రికార్డు పెట్టాడు. క్లారినెట్. వాయించేవాడెవరో గానీ, మొదట్లో ఊపిరి సరిపోతుందో లేదో చూసుకుంటున్నట్టు ఆగి ఆగి వాయించాడు. తర్వాత ఆగలేదు. నేను టీ పొయ్యబోయి కెటిల్ పట్టుకుని అలాగే నిలబడిపోయాను. చెక్కగోడ మీదుగా ఇన్ని విన్నాను, ఏ ఒక్కదానికీ నా కళ్ళలో నీళ్ళు రాలేదు. ఆ రోజు వచ్చాయి. మా ఆయన వంక చూస్తే కళ్ళు మూసుకుని తలొంచుకుని ఉన్నాడు. చెవులు కందలేదు.

“విన్నవాళ్ళు?” అన్నాడు మరిది.

అలవాటైన చెయ్యి కదా, మోకాలి మీద నుంచి లేచింది.

“పూర్తిగా ఎత్తండి అన్నయ్యగారూ! ఇవాళ నేను ఓడిపోవడానికే వచ్చాను” అంటూ నర్సమ్మ సంచిలోంచి అట్ట తీసింది. దాని మీద ఖాళీ కుర్చీ బొమ్మ. “మీకు గుర్తుండదు. మా అమ్మ పోయిన కొత్తల్లో కళ్ళజోడు కోసం మీ షాపుకి వచ్చాను. ఏం వింటే మనసు కుదుటపడుతుందని అడిగితే, ఖాళీ కుర్చీ బొమ్మున్న క్లారినెట్ రికార్డు వెతుక్కోమన్నారు. అప్పట్నించీ పాత రికార్డుల కొట్టు ఒక్కటి వదల్లేదు. ఇది దొరకలేదు గానీ దీన్ని వెతుకుతుంటే ఆ ఫ్లూటూ, వయొలినూ, అన్నీ తగిలాయి. ఇది దొరికాకే మీకు చెబుదామని ఊరుకున్నాను. మొన్ననే దొరికింది.”

ఆ రికార్డు మా చెక్కగోడ ఎరగదు. ఎత్తితే సింహాసనం ఉంటుంది, పైగా మెచ్చుకోళ్ళు. కాదనడానికి ఎవరి దగ్గరా ఆధారం లేదు, నా దగ్గర తప్ప. నేను నోరు విప్పలేదు.

ఆయన చెయ్యి దించేశాడు.

“నేను వినలేదమ్మా.”

“అదేంటి, మీరే కదా...”

“ఏదో కొట్టు అద్దంలో అట్ట చూశాను, అంతే. మీరడిగితే తెలియదనడం నామోషీ అనిపించి చెప్పేశాను. ఇదీ వినలేదు, మీ ఫ్లూటూ వినలేదు, తర్వాతవీ వినలేదు. అన్నీ అబద్ధాలే.”

మరిది తల గోక్కుని, “అయితే ఆఖరి వంతు నర్సమ్మగారిది” అన్నాడు నసుగుతూ.

ఆవిడ అట్ట మీది ఖాళీ కుర్చీని వేలితో తడిమింది. ఎంత మాట అంటుందో అనుకున్నాను.

“రెండో వైపు నేనూ వినలేదు అన్నయ్యగారూ. చెప్పినాయనతో కలిసి విందామని దాచి ఉంచాను. ఆఖరి వంతు నాదే కాబట్టి అదే పెడదాం” అంది.

నిజం చెప్పొద్దూ, నాకు కళ్ళు కుట్టాయి. ఎవరో దారిన పోయే మనిషి నా మొగుడి కోసం ఒక వైపు దాచి ఉంచింది. నా కోసం ఎవరు దాచారు? ఇన్నేళ్ళూ నేను విన్నదంతా గోడ మీదుగా కారిపడ్డదే. ఏడుపు కనబడకూడదని, టీ వేడి చేసుకొస్తానంటూ కెటిల్ తీసుకుని విసవిసా వంటగదిలోకి వెళ్ళిపోయాను.

వెనక నుంచి మా ఆయన గొంతు వినబడింది.

“అప్పుడే సూది పెట్టకురా. మీ వదినని రానీ. దీన్ని గోడవతల నుంచి కాదు, నా పక్కన కూర్చుని వినాలి.”

స్టవ్ వెలిగించకుండానే వెనక్కి వచ్చేశాను. ఆ టీ అందరూ చల్లగానే తాగారు.