తెల్లగౌను కటింగ్

పాతకాలపు దర్జీ ఎవరైనా పోయారని తెలిస్తే చాలు, భవానీపురం రమాసుందరి అరటిపళ్లు కొనుక్కుని పరామర్శకు బయలుదేరేది. కాసేపు కొంగుతో కళ్లొత్తుకుని, తర్వాత మెల్లగా మాట కదిపేది. "మీ నాన్నగారి పేపర్ కటింగులేమైనా ఉన్నాయాండీ?"

గుడ్డ మీద పరిచి, చుట్టూ చాక్‌పీసుతో గీసి కత్తిరించుకునే కాగితాలవి. బుట్టచేతుల జాకెట్లు, వెనక బొత్తాల రవికలు, కుచ్చుల గౌన్లు, ఏవైనా సరే ఆవిడకు కావాలి. కాలేజీలో పాఠాలు చెప్పి రిటైరైన మనిషికి సూదిలో దారం ఎక్కించడం కూడా రాదు. తన బీరువాలో ఉన్నది లోకంలో ఇంకెవరి దగ్గరా ఉండకూడదు, అంతే. ఆ ముచ్చట కోసం ఎంత దూరమైనా పోయేది.

పామర్రు తెరేసమ్మతో వచ్చిన చిక్కేమిటంటే, ఆవిడ ఇంకా బతికే ఉంది.

తెరేసమ్మ వయసులో ఉండగా తన పెళ్లి కోసం తనే ఒక గౌను కటింగ్ తయారు చేసుకుంది. పెళ్లికొడుకు వేరే సంబంధం చూసుకున్నాడు. గుడ్డకు కత్తెర పడలేదు. ఆ తర్వాత ఊళ్లో ఎందరి పెళ్లిళ్లకో గౌన్లు కుట్టింది గాని, ఆ కాగితం మాత్రం ఎవరికీ వాడలేదు. ఇప్పుడు మంచం మీద ఉంది, డాక్టర్లు చేతులెత్తేశారు.

"ఇది మీకే మేడమ్ గారూ, ఉంచుకోండి" అంటూ ఆ కటింగూ, దాంతోపాటు తెల్ల సాటిన్ గుడ్డా రమాసుందరి ఒళ్లో పెట్టింది. "ముందు దీంతో నాకు గౌను కుట్టించి పెట్టండి. పెళ్లికి ఎట్టాగూ తొడుక్కోలా. నన్ను పూడ్చేటప్పుడన్నా తొడుగుతారు."

రమాసుందరి ఆవిడ చేతిలో చెయ్యేసి మాటిచ్చింది.

భవానీపురంలో టైలర్ సంజీవరావు ఆ కాగితం అంచు తాకి చూశాడు. "బాగా పెళుసెక్కిందండీ. గుడ్డ మీద పెడితే చిట్లుద్ది. కొత్త కాగితం మీద ఇట్టాంటిదే ఇంకోటి గీసుకుని, దాంతో కుడతానండీ."

ఇంకోటి! ఆ మాటకే రమాసుందరి కాగితం వెనక్కి తీసేసుకుంది. ఇలాంటిదే ఇంకోటి ఈ టైలర్ కొట్లో మేకుకు వేలాడుతుంటే తన దానికి విలువేముంది? మళ్లీ వస్తానని చెప్పి కాగితం, గుడ్డ ఇంటికి తెచ్చేసుకుంది. మళ్లీ వెళ్లలేదు.

పామర్రు వెళ్లడం మాత్రం మానలేదు. వెళ్లినప్పుడల్లా తెరేసమ్మ అడిగేది, "ఎందాకా వచ్చిందండీ?"

"బుట్టచేతులు కుడుతున్నాడు. కుచ్చుల దగ్గరే ఆలస్యమవుతోంది."

"తొందరపెట్టమాకండి. తొందరపడితే కుచ్చులు సరిగా రావు. నేను ఆగుతా."

పిచ్చి మనిషి, నిజంగానే ఆగింది. డాక్టర్లు చెప్పిన గడువు దాటిపోయింది. నొప్పితో పళ్లు బిగబట్టి, వీధిలో ఆటో ఆగినప్పుడల్లా గుమ్మంవైపు చూస్తూ ఆగింది. చివరికి ఒకరోజు ఆ చూపు గుమ్మం మీదే ఉండిపోయింది.

కబురందుకుని రమాసుందరి వెళ్లేసరికి శవం మీద పాత నైటీయే ఉంది. తెరేసమ్మ చెల్లెలు అమలమ్మ ఎదురొచ్చింది.

"గౌను తెచ్చారాండీ? మీరొస్తారనే ఇంకా బట్టలు మార్చలా. ఫాదర్‌గారు కూడా కూచునున్నారు."

"టైలర్ పాడు చేశాడమ్మా."

"అయ్యో! పోనీ, మిగిలిన గుడ్డన్నా ఇవ్వండి. పైన కప్పుదాం."

"అదీ పోగొట్టాడు, వెధవ."

అమలమ్మ లోపలికి వెళ్లి తన చీర ఒకటి తెచ్చి అక్కకు కట్టింది. రమాసుందరి వెక్కి వెక్కి ఏడ్చింది. అవి దొంగ ఏడుపులు కావు, అదే అన్నిటికన్నా ఘోరం. వచ్చేటప్పుడు, తెరేసమ్మ దాచుకున్న మిగతా కటింగుల కట్ట కూడా అమలమ్మే తెచ్చి చేతిలో పెట్టింది. "అక్క మీకే ఇమ్మందండీ. ఎంతో తిరిగారు పాపం."

ఇంటికొచ్చి స్నానం చేసి, రమాసుందరి బీరువా తెరిచింది. టైలర్ దగ్గర్నుంచి తెచ్చిన రోజే, చెమ్మ తగలకుండా, పురుగు పట్టకుండా గౌను కటింగును ఆ తెల్ల సాటిన్ గుడ్డలోనే చుట్టి పెట్టుకుంది. మూట విప్పి అంచులన్నీ చూసుకుంది. ఎక్కడా చిట్లలేదు. మళ్లీ జాగ్రత్తగా చుట్టి, పై అరలో పడుకోబెట్టింది.