శారమ్మ చెప్పిన సొంత వాక్యం

భివండీలోని మా కనేరిలో శారమ్మను అందరూ ‘ఇంగ్లీషు అక్క’ అంటారు. ఆమె ఏ కాలేజీ గడపా తొక్కలేదు. ఠాణేలో ఒంటరిగా ఉండే ఒక పెద్దావిడ ఇంట్లో ఏళ్ల తరబడి వంట చేసింది. ఆ పెద్దావిడకు కోపమంతా ఇంగ్లీషులోనే వచ్చేదట. తిట్లు తింటూ నేర్చుకున్న భాష కాబట్టి శారమ్మకు అది గట్టిగా అబ్బింది.

ఆదివారం ఆరాధన ముగిశాక చర్చి వెనక గదిలో ఆడవాళ్లకు పాఠం చెప్పేది. మేము మల్లన్నను కొలిచేవాళ్లం, నాకు చర్చితో పని లేదు. అయినా వెళ్లేదాన్ని. కాశేలి గోడౌన్‌లో నాది ప్యాకింగ్ పని. సూపర్‌వైజర్ ‘సార్ట్ అవుట్’, ‘హ్యాండ్ ఓవర్’ అని అరుస్తుంటే అర్థం కాక గంగిరెద్దులా తల ఊపీ ఊపీ విసిగిపోయాను మరి.

శారమ్మ పాఠం ఏ పుస్తకంలోనూ దొరకదు. “ఇంగ్లీషుల మాట పెండ్లి కాని పిల్ల అసొంటిది. ఎవల్ని చేసుకుంటదో గట్ల మారుతది,” అనేది. “లుక్ అంటే ఉత్తగ సూసుడు. గదే ఆఫ్టర్‌ను చేసుకుంటే సాకుడు అయితది. ఫర్‌ను చేసుకుంటే దేవులాడుడు.”

“మరి గివ్ అక్కా?” అని అడిగాను.

“పుట్టింట్ల ఉన్నన్ని దినాలు ఇచ్చుడే. అప్‌ను చేసుకున్నంక ఇడిసిపెట్టుడు. ఇన్‌ను చేసుకుంటే ఓడిపోయి ఒప్పుకునుడు. నీ లెక్క, మీ అత్త ముంగట.”

గది గదంతా నవ్వింది. నాకూ నవ్వొచ్చింది, ఏం చేస్తాను, నిజమే కదా!

ఆ గదికి ఒక కట్టుబాటు ఉండేది. కొత్త మాట నేర్చుకున్నవాళ్లు తమ ఇంట్లో నిజంగా జరిగినదానితో ఒక వాక్యం చెప్పాలి. “పుస్తకంల జాన్, మేరీల ముచ్చట మనకెందుకు? మన ఇంటి ముచ్చట అయితేనే యాదికుంటది,” అనేది శారమ్మ. అలా అందరి సంసారాలూ ఆ గదిలో బయటపడేవి. మా అత్త నన్ను రోజూ తిడుతుందని నేను ‘టెల్ ఆఫ్’తో చెప్పాను. కొడుకులిద్దరూ మాటలు మానేశారని గంగాబాయి ‘ఫాల్ అవుట్’తో చెప్పి కళ్లు తుడుచుకుంది. ఇక్కడి మాట ఇక్కడే ఉండాలని వాళ్లు బైబిలు మీద, నేను మల్లన్న మీద ఒట్టు పెట్టుకున్నాం.

మా అందరిలో చురుకైనది ఫేబీ. శారమ్మ పక్కింటి పిల్ల, డిగ్రీ చదువుతోంది. తల్లి రెండు షిఫ్టులు కండెలు చుట్టే పనిలో ఉంటే ఆ పిల్లకు జడ వేసింది, అన్నం పెట్టింది శారమ్మే. తన కూతురు ఏంజెలీనా ఎంతో ఫేబీ అంతే.

పోయిన వానాకాలంలో ఒక ఆదివారం ‘వాక్ అవుట్ ఆన్’ అనే మాట వచ్చింది. ఎవరికీ తలకెక్కలేదు. సాయంత్రం వరాలా చెరువు చుట్టూ నడవడమేమో అనుకున్నాం. శారమ్మ ఎన్నిరకాలుగా చెప్పినా మేము గుడ్లప్పగించి చూస్తున్నాం. ఆమె లేచి తలుపు గడియ పెట్టి వచ్చింది.

“మై హస్బెండ్ వాక్డ్ అవుట్ ఆన్ మి,” అంది.

మాకు తెలిసిన కథ వేరు. ఆమె భర్త యోహాను సూరత్‌లో ఒక సేటు దగ్గర బట్ట నేసే సాంచాలు నడుపుతున్నాడని, సెలవు దొరక్క రావడం లేదని అందరం అనుకున్నాం. ప్రతి క్రిస్మస్‌కు కూతురికి ‘బాపు పంపిండు’ అని కొత్త డ్రెస్సు కూడా చూపించేది.

“సూరత్‌ల ఉన్నమాట నిజమే. ఇంకో ఆమెతోని ఉంటుండు. నన్ను, పిల్లను ఇడిసిపెట్టిండు, ఇగ రాడు,” అంది. “ఏంజెలీనాకు తెల్వది. పదో తరగతి అయినంక నేనే చెప్పుకుంటా. గప్పటిదాక మీ నోట్లెకెల్లి రావద్దు.”

నోట్లో నువ్వుగింజ నానదని ఆడవాళ్లను ఆడిపోసుకుంటారు. అన్నేసి నెలలు మేమందరం నానబెట్టాం. నా మొగుడికి కూడా చెప్పలేదు నేను.

ఆ తర్వాత ఫేబీ ఫోన్లో పాఠాలు చెప్పే వీడియోలు మొదలుపెట్టింది. అవే పెళ్లి ముచ్చట్లు, అవే మాటలు. శారమ్మ పేరు ఎక్కడా లేదు. నాకు ఒళ్లు మండింది. శారమ్మ మాత్రం, “పోనీ తియ్ లతా, మంచిగ చెప్తుంది పోరి,” అని మురిసిపోయింది. భివండీలోనే కాదు, తెలంగాణలో సొంతూళ్లో ఉన్న మా చుట్టాలు కూడా ఆ వీడియోలు చూసేవాళ్లు.

మొన్న బుధవారం వచ్చిన వీడియోలో ఫేబీ నవ్వుతూ చెప్పింది: ‘మా కనేరిలో ఇంగ్లీషు నేర్పే ఒక అక్క ఉంది. మొగుడు సూరత్‌లో పనిచేస్తున్నాడని అందరికీ, సొంత కూతురికి కూడా చెప్తుంది. అసలు సంగతి ఏంటంటే, హీ వాక్డ్ అవుట్ ఆన్ హర్.’

మరుసటి రోజు బడిలో ఆ వీడియోను ఏంజెలీనాకు ఆమె స్నేహితురాలు ప్రాజక్త చూపించింది. పిల్ల మధ్యాహ్నమే ఇంటికి వచ్చేసి ఫోను తల్లి చేతిలో పెట్టింది. శారమ్మ అది చూసి నా దగ్గరికి పరుగెత్తుకొచ్చింది. ఇద్దరం ఫేబీ వాళ్లింటికి వెళ్లాం.

“పేరు చెప్పలే కదక్కా,” అంది ఫేబీ.

“కనేరిల ఇంగ్లీషు నేర్పే అక్క అన్నంక పేరెందుకే?” అంది శారమ్మ.

“నిజం ముచ్చట చెప్తెనే మందికి యాదికుంటదని నువ్వే కదా అన్నవు? మా ఇంట్ల గసొంటిది ఏం కాలే. నేనేం చెప్పాలె మరి?”

నా చేయి లేచింది. శారమ్మ పట్టుకుంది. ఆ పిల్ల మొహంలో తప్పు చేశానన్న జాడే లేదు. పెట్టిన చేయినే కరిచింది, పైగా ఆ కరవడం నువ్వే నేర్పావంటోంది! శారమ్మ తిట్టలేదు, ఏడవలేదు. “గా దినం తలుపు గడియ ఎందుకు పెట్టిన్నో నీకు సమజ్ కాలేదా బిడ్డా?” అని మాత్రం అడిగింది.

శారమ్మ ఇంటికి వచ్చేసరికి ఏంజెలీనా గడప మీద కూర్చుని ఉంది. శారమ్మ పక్కన కూర్చుని ఆమె చేయి అందుకుంది. “నీకు నేనే చెప్దామనుకున్న బిడ్డా. జర పెద్దగైనంక...”

“క్లాసు మొత్తానికి చెప్పినవు కదమ్మా. ఆళ్లకు ఇంగ్లీషు రావాలని చెప్పినవు. నాకే ఝూట్ చెప్పినవు.”

నేను కల్పించుకుని, తప్పంతా ఫేబీదేనని గట్టిగా అనబోయాను. ఏంజెలీనా నా వైపు తిరిగింది.

“చిన్నమ్మా, నీకు ఎప్పటిసంది ఎరుక?”

“వానాకాలం నుంచి,” అన్నాను.

ఏంజెలీనా తల్లి చేతిలోంచి తన చేయి తీసుకుని లోపలికి వెళ్లిపోయింది.