మామ కాపాడిన నలభై ఒక్క పాటలు

మా మేనమామ పోయిన బుధవారం పొద్దున కాలం చేశారు. థర్మల్ విద్యుత్ స్టేషన్‌లో ముప్ఫై ఏళ్లు యంత్రాల చప్పుడు వింటూ బతికిన మనిషి, నిద్రలోనే వెళ్లిపోయారు.

ఆయనను తలచుకుంటే నాకు రాయచూరులో మా ఇంట్లో ఒక మామూలు ఉదయం గుర్తొస్తుంది. వాకిలి కడిగి, కంప్యూటర్ స్విచ్ వేసి, దీపం ముందు కూర్చున్నాను. అమ్మ పోయి అప్పటికి రెండేళ్లు. ఆమె పాడిన హారతులు, పెళ్లిపాటలు నలభై ఒక్కటి తమ్ముడు ఆ కంప్యూటర్‌లోనే రికార్డు చేశాడు. హారతి వేళకు ఒకటి పెట్టుకోవడం నా అలవాటు. మొదట్లో ఒత్తి వెలిగించేలోపే తెర వచ్చేది. తర్వాత అష్టోత్తరం చదివేంత సేపు పట్టింది. చివరికి సహస్రనామం పూర్తయినా తెర రావడం లేదు. దేవుడు ఓపిక నేర్పుతున్నాడనుకున్నాను. ఒక్క శ్లోకం వదలకుండా చదివే భాగ్యం కలిగిందని సంతోషించాను కూడా.

ఆ ఉదయం బస్సు దిగి వచ్చిన మామకు ఈ సంగతి సంబరంగానే చెప్పాను. ఆయన చాయ్ పక్కన పెట్టేశారు.

“ఏందీ? సహస్రనామం అయ్యేదాంక తెరుచుకోదా?”

సంచిలోంచి పొడుగాటి స్క్రూడ్రైవర్ తీశారు. స్టేషన్‌లో యంత్రాల బేరింగుల చప్పుడు వినేది దానితోనే. మొన కంప్యూటర్ పెట్టెకు, పిడి చెవికి ఆనించి కళ్లు మూసుకున్నారు.

“మామా, దానికి నాడి చూస్తున్నవా?” తమ్ముడు నవ్వాడు.

“చుప్ కూసోరా. నీకు గూడ చూడాల్నా?” అని వెంటనే స్విచ్ ఆర్పేశారు. “డిస్కు గోకుతాంది బిడ్డా. నువ్వు ఓపిక అనుకున్నది దాని జబ్బు. పాటలు ఇంకేడన్న ఉన్నయా?”

“లేవు మామా.”

“ఒక్క కాడ ఉన్నది లేనట్టే. ఇంకెన్నిసార్లు తిరుగుతదో తెల్వదు. ముట్టకుండ్రి.”

తమ్ముడు బజారుకు వెళ్లి కేబుల్ తెచ్చాడు. మామ డిస్కు ఊడదీసి, తమ్ముడి లాప్‌టాప్‌కు తగిలించి, టేబుల్ ఫ్యాన్ దానివైపు తిప్పారు. ముందు తన పెళ్లి ఫోటోలు తీయమన్నాడు తమ్ముడు.

“నీ పెండ్లి మేమంత జూసినంలే. ముందు మా అక్క.”

ఒక్కొక్క పాటే తీశారు. “ముసలామెను మెట్లెక్కిస్తున్నం, తొందర వద్దు” అన్నారు. భోజనానికి కూడా లేవలేదు. నలభై వచ్చాయి. చివరిది మూడుసార్లు సగంలో ఆగిపోయింది. డిస్కు చల్లారేదాకా ఆగి, మళ్లీ పెట్టారు. నేను చేతులు జోడించాను.

ఈసారి పాట మొత్తం వచ్చింది. అమ్మ గొంతు గదంతా నిండింది. మధ్యలో పాట ఆపి, “అయ్యో, పప్పు మాడుతుందేమో చూడుండ్రి!” అంటోంది.

మామ తొడ చరిచి లేచారు. “గెలిచినం!” వీధిలోకి వెళ్లి, పోయేవాళ్లను ఆపి చెప్పారు: “మా అక్క పాటలన్నీ వచ్చినయి!” ఆ డిస్కు మళ్లీ తిరగలేదు.

తర్వాత ఎప్పుడొచ్చినా మిక్సీకి, ఫ్యానుకు ఒకసారి చెవి ఒగ్గేవారు. “యంత్రం అబద్ధం చెప్పదు, వినెటోళ్లే తక్కువ” అనేవారు. ఆయన పుణ్యాన మా ఇంట్లో ఇవాళ్టికీ హారతి పాడేది అమ్మే.

బుధవారం సాయంత్రం, దహనం అయ్యాక, మామ ఇంట్లో కూర్చున్నాం. పాటలు ఇప్పుడు మా అన్నదమ్ముల, అక్కచెల్లెళ్ల నాలుగిళ్లలోనూ ఉన్నాయి. అవి యంత్రాల్లోనే ఉండిపోకూడదనిపించింది. నలభై ఒక్కటీ పంచుకొని నోటికి నేర్చుకోవాలని, మామ సంవత్సరీకం నాడు ఆ ఇంట్లోనే అందరం పాడాలని అనుకున్నాం. ఎవరికి ఏ పాటో కాగితం మీద రాస్తున్నాను. ఆయన భార్య, మా అత్త, అప్పటిదాకా గోడకానుకొని కూర్చుంది. ఇప్పుడు ముందుకు జరిగింది.

“నాకు అన్నిటికన్న పొడుగుది రాయి” అంది.