పేనును బతకనివ్వని బొటనవేళ్లు

1956 జూన్ 11, సోమవారం ఉదయం పది గంటలకు పాతబస్తీ ఛత్రినాకలో యాదమ్మ ఇంటి వాకిట్లో ఈ పని మొదలైంది. అప్పుడు నేను విశ్వవిద్యాలయంలోని పేల సేకరణలో తాత్కాలిక సహాయకురాలిని. పావురాల పేలు, మేకల పేలు, మనుషుల పేలు గాజు పలకల మీద అతికించి, పేర్లు రాసి బీరువాల్లో పెట్టేవాళ్లం. అన్నీ చచ్చినవే. పేల మందును పరీక్షించడానికి మాత్రం బతికినవి కావాలి. ఆ మధ్యాహ్నం తనిఖీకి వచ్చే డాక్టరమ్మకు వాటిని చూపిస్తేనే నా ఉద్యోగం మరో ఏడాది ఉంటుంది. తలను విడిచిన పేను ఎక్కువసేపు బతకదు కాబట్టి అదే పూట పట్టుకోవాలి.

యాదమ్మ ఇరుగుపొరుగు ఆడవాళ్లను ఐదుగురిని పిలిచింది. ఆరుగురూ గుండ్రంగా ఒకరి వెనక ఒకరు కూర్చుని ముందున్నవారి తల చూడసాగారు. తలా ఒక గాజు గొట్టం, తడి కుంచె ఇచ్చాను. కుంచె తగిలిస్తే పేను అంటుకుంటుంది, దాన్ని గొట్టంలో దులపాలి అని చెప్పాను. అందరూ తలూపారు.

అరగంట తర్వాత చూస్తే గొట్టాలన్నీ ఖాళీ. పేను దొరకడం, బొటనవేలి గోరు మీద పెట్టడం, రెండో గోటితో కుక్కడం, అందరూ కలిసి ‘ఇస్స్’ అనడం. లెక్క కోసం శవాలను కాగితం మీద పెట్టించాను.

“సంపొద్దని చెప్పిన కద యాదమ్మా.”

“నేనేడ సంపిన టీచరమ్మా, ఏళ్లే సంపినయ్.”

“దొరికిన పేనును ఇడిచిపెడితే మా అత్త నన్ను ఇడిచిపెడ్తదా?” అంది వెనకావిడ.

ఇక లాభం లేదని పన్నెండు బొటనవేళ్లకూ బ్యాండేజీ గుడ్డ చుట్టాను. అప్పుడే యాదమ్మ మామగారు వాకిట్లోకి వచ్చి నిలబడిపోయాడు.

“ఏందీ లొల్లి? అందరికీ ఒక్కపారే దెబ్బ తాకిందా?”

“పేలను కాలేజీల షరీకు చేస్తున్నరు బాపు,” అంది యాదమ్మ, పిల్లలను బడిలో చేర్పిస్తున్నట్టు.

ఆ తర్వాత ఏడు పేలు ప్రాణాలతో గొట్టాల్లోకి చేరాయి.

మధ్యాహ్నం తనిఖీకి వచ్చిన డాక్టరమ్మ కూడా పాతబస్తీలోనే పుట్టి విదేశంలో చదివిన మనిషి. ఒక పేనును చేతి మీద చూస్తానన్నారు. కుంచెతో అందించాను. భూతద్దంలో చూసి, ఆడది, మంచి ఆరోగ్యంగా ఉందని మెచ్చుకున్నారు. ఆ మాట పూర్తయ్యేలోపే గోళ్లు రెండూ కలిశాయి. ‘ఇస్స్’ అన్నది కూడా ఆవిడే. పక్కనే ఉన్న మా ప్రొఫెసరు కిటికీలోంచి బయటికి చూడసాగారు.

“ఆదత్... అలవాటు,” అన్నారామె నెమ్మదిగా. ఇంకొకటి చూపించమన్నారు.

నేను పేనుకంటే ముందు బ్యాండేజీ చుట్ట తీశాను. ఆమె దానివైపు కాసేపు చూసి, బొటనవేళ్లు రెండూ ముందుకు చాచారు. పొడిగింపు కాగితం మీద సంతకం కూడా ఆ కట్లతోనే చేశారు. అది ఆమె సంతకంలా లేదని ఆఫీసువాళ్లు తిప్పి పంపారు. రెండోసారి చేయించి ఇచ్చాక ఉద్యోగం నిలిచింది.

బతికిన పేనును ఎవరి చేతికి ఇచ్చినా ముందు వేళ్లు కట్టాలి, హోదా చూడకూడదు. నేను నేర్చుకున్నది అంతే. ఆ రోజు నష్టం: ఛత్రినాకలో నలభై ఒక్క పేలు, తనిఖీలో ఒకటి, బ్యాండేజీ రెండు చుట్టలు.